యెష్షయి మొద్దు, దాని చిగురు: క్రీస్తు వంశవృక్షం బొమ్మను కింది నుంచి పైకి చదవడం ఎలా

డిసెంబరులో మత్తయి సువార్త మొదటి అధ్యాయం తెరుస్తాం. "అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను" అని మొదలవుతుంది. నాలుగో వాక్యానికే చాలామంది కళ్లు పేజీ కిందికి జారిపోతాయి. 'కనెను, కనెను' అంటూ సాగే ఆ పేర్ల వరసను నేనూ చాలా ఏళ్లు దాటేసి, దేవదూత యోసేపుకు కలలో కనబడే చోటి నుంచే చదివేవాడిని.

ఆ అలవాటు మాన్పించింది ఒక బొమ్మ. ముసలాయన ఒకరు పడుకుని నిద్రపోతుంటాడు. ఆయన ఒంట్లోంచి చెట్టు లేస్తుంది. దాని కొమ్మల్లో కిరీటాలు పెట్టుకున్న రాజులు కూర్చుని ఉంటారు. వాళ్లకు పైన ఒక స్త్రీ, అన్నిటికంటే పైన క్రీస్తు. దీన్నే యెష్షయి చెట్టు అంటారు. యూరప్ చర్చిల అద్దాల కిటికీల్లో, రాతి స్తంభాల మీద, చెక్క పైకప్పుల మీద, చేతిరాత బైబిళ్లలో తొమ్మిది వందల ఏళ్లకు పైగా ఈ బొమ్మ కనబడుతోంది. తెలియకుండా చూస్తే రంగురంగుల తీగలా ఉంటుంది, చదవడం వచ్చాక ప్రతి కొమ్మా మాట్లాడుతుంది. ఎలా చదవాలో నేను నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

1. బొమ్మకంటే ముందు వాక్యం చదవండి

బైబిల్లో మూడు చోట్లు చదివితే చాలు. మొదటిది యెషయా గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం: "యెష్షయి మొద్దునుండి చిగురు పుట్టును వాని వేరులనుండి అంకురము ఎదిగి ఫలించును." యెష్షయి అంటే దావీదు తండ్రి, బేత్లెహేము ఊరివాడు. రెండోది మత్తయి మొదటి అధ్యాయం. అబ్రాహాముతో మొదలై కిందికి దిగుతూ యేసు దాకా వస్తుంది. మూడోది లూకా మూడో అధ్యాయం. ఇది ఎదురు దిశలో, యేసు నుంచి వెనక్కి ఆదాము దాకా పోతుంది. రెండు జాబితాల్లో దావీదు తర్వాత పేర్లు చాలావరకు వేరు. మత్తయి సొలొమోను మీదుగా వస్తాడు, లూకా దావీదు మరో కొడుకు నాతాను మీదుగా వెళ్తాడు. చెట్టు బొమ్మల్లో రాజులు ఎక్కువగా కనబడతారు కాబట్టి చిత్రకారులు ఎక్కువగా మత్తయి దారి పట్టారని అర్థమవుతుంది.

యెషయా వచనం దగ్గర కాసేపు ఆగండి. దానికి ముందు, 10వ అధ్యాయం చివర్లో ఏముందో చూడండి. ఎత్తయిన చెట్లు నరికివేత, అడవిలో పొదలు ఇనుముతో కొట్టివేత, లెబానోను కూలడం. గొడ్డలి దెబ్బల చప్పుడు ఇంకా ఆగకముందే 'మొద్దు నుంచి చిగురు' అనే మాట వస్తుంది. మనకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేయడానికి వేప చెట్టు కొట్టేస్తారు. ఒకటి రెండు వానలు పడ్డాక వెళ్లి చూస్తే మొద్దు అంచున బెరడు చీల్చుకుని ఎర్రటి లేత పిలకలు లేచి ఉంటాయి. మోడు చిగురించడం అని మనం ఇప్పటికీ అంటున్నామే, యెషయా చెప్పింది అదే. దావీదు వంశపు రాజరికం నరికేసిన చెట్టులా అయిపోయినా వేరు చావలేదు అని.

ఇక్కడే తెలుగు బైబిలు చదివేవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. బొమ్మలో మొద్దు కోసం వెతికితే చాలాసార్లు కనబడదు. ఎందుకంటే ఆ చిత్రకారులు చదివింది లాటిన్ బైబిలు. అందులో మొద్దుకు బదులు 'వేరు' అనే ఉంది. అందుకే వాళ్లు నరికిన చెట్టును వేయకుండా యెష్షయినే వేరుగా చేసి, ఆయన ఒంట్లోంచి నిండు చెట్టును లేపారు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

2. కింద పడుకున్న మనిషిని పట్టుకోండి

మన ఇళ్లలో వంశవృక్షం రాసేటప్పుడు ముత్తాత పేరు పైన రాసి, గీతలు కిందికి లాగుతాం. ఆ అలవాటుతో ఈ బొమ్మ చూస్తే అంతా తలకిందులవుతుంది. ఇక్కడ మూలపురుషుడు అట్టడుగున ఉంటాడు, వంశం పైకి పెరుగుతుంది. కాబట్టి ముందు అడుగుకు వెళ్లండి. గడ్డంతో, మంచం మీదో నేల మీదో పక్కకు ఒరిగి పడుకున్న ముసలాయన కనబడితే ఆయనే యెష్షయి. చెట్టు ఆయన నడుము దగ్గర్నుంచో, కడుపులోంచో, ఛాతీలోంచో లేస్తుంది.

ఆయన ఎందుకు నిద్రపోతున్నాడు? ఆదికాండంలో ఆదాముకు గాఢనిద్ర కలుగజేసి, అతని పక్కటెముకతో హవ్వను చేయడం గుర్తు తెచ్చుకోండి. యాకోబు రాయి తల కింద పెట్టుకుని పడుకుంటే భూమి నుంచి ఆకాశానికి నిచ్చెన కనబడడం కూడా. బైబిల్లో దేవుడు పెద్ద పని చేసేటప్పుడు మనిషి నిద్రపోతుంటాడు. యెష్షయికి తన ఒంట్లోంచి ఏం లేస్తోందో తెలియదు. ఈ బొమ్మలో నాకు బాగా నచ్చేది ఆ తెలియకపోవడమే.

3. కాండం వెంట పైకి ఎక్కండి, ఉన్నవాళ్లను లేనివాళ్లను లెక్కపెట్టండి

యెష్షయి పైన మొదటి రాజు చాలాసార్లు దావీదు. చేతిలో సితార ఉంటే అనుమానమే లేదు. తర్వాత సొలొమోను. ఆపైన హిజ్కియా, యోషీయా లాంటివాళ్లు ఉండవచ్చు. స్థలాన్ని బట్టి ఇద్దరు రాజులైనా ఉంటారు, పన్నెండు మందైనా ఉంటారు.

సంఖ్య తగ్గిందని చిత్రకారుడిని తప్పుపట్టకండి. మత్తయే పేర్లు ఏరుకున్నాడు. మూడు పద్నాలుగుల తరాలు అని ఆయన లెక్క. యెహోరాముకు, ఉజ్జియాకు మధ్య ముగ్గురు రాజులను వదిలేశాడు. హెబ్రీలో అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. దావీదు పేరులోని మూడు అక్షరాలు కూడితే 4, 6, 4 కలిసి 14 వస్తుంది. అంటే ఆ జాబితాయే దావీదు పేరు మీద అల్లినది.

ఇప్పుడు లేనివాళ్లు. మత్తయి జాబితాలో మరియ కాక మరో నలుగురు స్త్రీలున్నారు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. వాళ్లలో రాహాబు, రూతు పరాయి జాతివాళ్లు, నలుగురికీ లోకం వేలెత్తి చూపే కథలే. మత్తయి వాళ్లను దాచకుండా రాశాడు. చెట్టు బొమ్మల్లో మాత్రం వాళ్లు చాలా అరుదు, కొమ్మలన్నీ రాజులకే పోయాయి. ఇది నాకు ఎప్పుడూ బాధగానే అనిపిస్తుంది.

రెండో లోటు ఇంకా ఆశ్చర్యం. మత్తయి వంశావళి చివర యోసేపు దగ్గర ఆగుతుంది: "యాకోబు మరియ భర్తయైన యోసేపును కనెను." కానీ చెట్టు మీద యోసేపు సాధారణంగా ఉండడు, ఆయన చోట మరియ ఉంటుంది. దీనికి లాటిన్ మాటల పోలిక ఒక కారణం. యెషయా వచనంలో చిగురుకు వాడిన మాట 'విర్గా', కన్యకు 'విర్గో'. వినడానికి ఒకేలా ఉన్న ఈ రెండు మాటలను పట్టుకుని, చిగురు అంటే కన్య మరియ, ఆ చిగురున పూసిన పువ్వు క్రీస్తు అని బోధించేవారు. మరియ కూడా దావీదు వంశంలోదేనన్న నమ్మకం దీనికి తోడైంది.

4. కొనకు చేరాక పావురాలను లెక్కపెట్టండి

పైన క్రీస్తు చుట్టూ ఏడు పావురాలు ఉంటే అవి అలంకారం కాదు. యెషయా 11వ అధ్యాయం రెండో వచనంలో ఆ చిగురు మీద నిలిచే ఆత్మ గురించి ఉంది. జ్ఞానం, వివేకం, ఆలోచన, బలం, తెలివి, భయభక్తులు. మన బైబిల్లో లెక్కపెడితే ఆరే వస్తాయి. గ్రీకు, లాటిన్ అనువాదాల్లో 'భక్తి' అని మరొకటి కలిసి ఏడయ్యాయి. క్యాథలిక్ సంఘాల్లో పవిత్రాత్మ ఏడు వరాలు అని నేర్పేది దీన్నే.

5. పక్కలకు చూడండి

చెట్టుకు రెండు పక్కలా నిలబడి చేతిలో రాతప్రతుల చుట్టలు పట్టుకుని పైకి వేలు చూపించేవాళ్లు వంశస్థులు కారు, ప్రవక్తలు. వాళ్లది రక్త సంబంధం కాదు, మాట సంబంధం. యెషయా, మోషే, దానియేలు, హబక్కూకు లాంటివాళ్లు కనబడతారు. బిలాము ఉంటే "నక్షత్రము యాకోబులో ఉదయించును" అన్నందుకు. కాండం మీద ఉన్నవాళ్లు ఆయనను కన్నారు, పక్కన ఉన్నవాళ్లు ఆయన వస్తాడని ముందే చెప్పారు. ఇంత తేడా పట్టుకుంటే చాలు.

6. ఒక్క బొమ్మను పూర్తిగా చదవండి: షార్ట్ర్ కిటికీ

నేర్చుకోవడానికి నా సలహా ఫ్రాన్స్‌లోని షార్ట్ర్ కథీడ్రల్. దీనికి ముందు పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠ చర్చిలో మఠాధిపతి సూజే కట్టించిన కొత్త భాగం 1144లో ప్రతిష్ఠ అయింది, అందులో యెష్షయి చెట్టు కిటికీ పెట్టారు. దానికి తర్వాతి కాలంలో మరమ్మతులు ఎక్కువ జరిగాయి. దాన్ని చూసి కొద్ది ఏళ్లకే, సుమారు 1150 ప్రాంతంలో చేసిన షార్ట్ర్ కిటికీ మాత్రం చాలావరకు నిలిచింది. 1194లో ఆ చర్చి చాలా భాగం కాలిపోయినా పడమటి గోడా, దాని మూడు పొడవాటి కిటికీలూ మిగిలాయి. లోపల నిలబడి పడమటికి తిరిగితే కుడి చేతి వైపుది మన కిటికీ.

వెళ్లగలిగినవాళ్లు మధ్యాహ్నం దాటాక వెళ్లండి. పడమటి ఎండ గాజులోంచి లోపలికి దిగేది అప్పుడే. బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి. వెళ్లలేనివాళ్లు ఇంటర్నెట్‌లో పెద్ద సైజు ఫొటో దొరకబుచ్చుకుని, ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో తెరిచి, అడుగు భాగాన్ని జూమ్ చేసి అక్కడి నుంచి మెల్లగా పైకి జరపండి. ఒక్కసారిగా మొత్తం చూడొద్దు.

ముందు మంచం మీద యెష్షయి. ఆయన ఒంట్లోంచి కాండం లేస్తుంది. తర్వాత ఒకరి మీద ఒకరుగా నలుగురు రాజులు. వాళ్ల చేతులు చూడండి. ఇటో కొమ్మ, అటో కొమ్మ గట్టిగా పట్టుకుని ఉంటారు. సింహాసనాలు లేవు, చెట్టే వాళ్ల ఆసనం. దావీదుకు సితార కూడా ఇవ్వలేదు. ఎవరు ఏ రాజు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, పట్టు వదలకపోవడమే ముఖ్యం అన్నట్టుంటుంది. ఐదో ఆమె మరియ. ఆపైన క్రీస్తు, చుట్టూ ఏడు పావురాలు. మొత్తం ఏడు మెట్లు. ఒక్కో మెట్టుకు అటొకరు ఇటొకరుగా ప్రవక్తలు, అంటే పద్నాలుగు మంది. మత్తయి పద్నాలుగు మీకు ఇక్కడ గుర్తొస్తే బొమ్మ చదవడం వచ్చేసినట్టే.

ఇక ఆ నీలం. ఈ కిటికీలో బొమ్మల వెనక వాడిన నీలపు గాజుకు కోబాల్ట్ రంగు ఇచ్చింది. ఎండ తగిలినప్పుడు ఆ నీలం ముందుకొచ్చి బొమ్మలను మోస్తున్నట్టుంటుంది.

7. తర్వాత ఒక్కో చోట ఒక్కో తేడా పట్టండి

ఈ బొమ్మ పుట్టుక కొంచెం వెనక్కి ఉంది. బోహేమియా మొదటి రాజు వ్రతిస్లావ్ పట్టాభిషేకానికి సంబంధించిన సువార్తల పుస్తకం, సుమారు 1086 నాటిది, ప్రాగ్‌లో ఉంది. అందులో యెష్షయి పాదాల దగ్గర్నుంచి చెట్టు లేస్తుంది, కొమ్మల మీద పావురాలుంటాయి. రాజుల వరస ఇంకా రాలేదు. ఆలోచన మొలకెత్తిన దశ అది.

స్పెయిన్‌లో సాంటియాగో దె కాంపొస్తెలా చర్చి ద్వారం మేస్త్రీ మాతెయో పని. ద్వారబంధం మీద 1188 అని చెక్కి ఉంది. మధ్య స్తంభం నిండా యెష్షయి చెట్టే. ఎన్నో వందల మైళ్లు నడిచి వచ్చిన యాత్రికులు లోపలికి అడుగు పెట్టే ముందు ఆ స్తంభం మీద చెయ్యి ఆనించి ప్రార్థన చేసుకునేవారు. అదే చోట, అలాగే, వందల ఏళ్లు. పాలరాయి అరిగి ఐదు వేళ్లూ దిగేటన్ని గుంటలు పడ్డాయి. ఇప్పుడు ముట్టుకోనివ్వరు. ఆ గుంటల ఫొటోను దగ్గరగా చూడండి. తీగల మధ్య, రాజుల పక్కన, ఎవరి పేరూ లేని ఒక చెయ్యి. ఆ వంశవృక్షంలో తమకూ చోటుందని నమ్మినవాళ్లు వదిలిన గుర్తు అది.

జర్మనీలో హిల్డెస్‌హైమ్ సెయింట్ మైకేల్ చర్చిలో చెట్టు పైకప్పు మీద ఉంది. 13వ శతాబ్దం నాటిది, 27 మీటర్లకు పైగా పొడవు, సుమారు 1300 ఓక్ చెక్క ముక్కలు. ఇక్కడ చెట్టు యెష్షయితో కాక ఆదాము హవ్వలతో మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ముందుగానే విప్పి దాచడం వల్ల 1945 బాంబుల నుంచి బతికింది. ఇంగ్లండ్‌లోని డోర్‌చెస్టర్ అబ్బేలో కిటికీ మధ్య రాతి కమ్మీలనే చెట్టు కొమ్మలుగా చెక్కారు, అక్కడ గాజు రాయి వేరు కావు. రొమేనియాలోని వొరొనెట్ మఠంలో 1547లో వేసిన బొమ్మ బయటి దక్షిణ గోడ నిండా పరుచుకుని ఉంది. ప్లేటో, అరిస్టాటిల్ లాంటి గ్రీకు తత్వవేత్తలకూ అక్కడ చోటిచ్చారు. పోర్చుగల్‌లోని పోర్టో నగరం సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో 1718-1721 మధ్య రంగులు వేసి చెక్కిన చెక్క చెట్టు, పన్నెండు మంది రాజులు.

అన్నిటికంటే నన్ను కదిలించింది వేల్స్‌లోని అబర్‌గవెన్ని సెయింట్ మేరీ చర్చి. 15వ శతాబ్దంలో ఒకే ఓక్ దుంగలో చెక్కిన యెష్షయి, దాదాపు మూడు మీటర్ల మనిషి. ఆయన మీద లేచిన చెట్టు, రాజులు, మరియ, క్రీస్తు అంతా చర్చిల్లో విగ్రహాలను పగలగొట్టిన కాలంలో పోయాయి. యెష్షయి ఒక్కడే మిగిలాడు, కళ్లు మూసుకుని, తెగిన కాండాన్ని చేత్తో పట్టుకుని. లాటిన్ బైబిలు వేరు అన్నదాన్ని చరిత్ర నిజంగానే మొద్దు చేసేసింది. మన తెలుగు బైబిల్లోని మాటకు సరిగ్గా సరిపోయే బొమ్మ ఇదే.

8. దగ్గరి పోలికలతో పొరబడకండి

కాండం మీద సిలువ వేయబడిన క్రీస్తు ఉండి, కొమ్మలకు గుండ్రటి చిత్రాలు వేలాడితే అది జీవవృక్షం. ఫ్లోరెన్స్‌లో పచీనో ది బొనాగ్విదా 1310 ప్రాంతంలో వేసినది అలాంటిదే, 12 కొమ్మలు. అది వంశం కాదు, క్రీస్తు జీవితం. చెట్టు ఆకారంలో గళ్లు గీసి తాత, మేనత్త, పినతండ్రి అని రాసి ఉంటే అది చర్చి చట్టంలో ఏ వావి వరకు పెళ్లి కూడదో చెప్పే పటం. ఏడు తరాల నిషేధాన్ని 1215లో నాలుగుకు తగ్గించారు.

కొన్నిచోట్ల చెట్టు లేకుండానే వంశావళి ఉంటుంది. కాంటర్‌బరీ కథీడ్రల్‌లో లూకా జాబితా ప్రకారం ఒక్కో పూర్వికుడికి ఒక్కో గాజు పలక, మొదట 80కి పైగా ఉండేవి. సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజెలో 1508-1512 మధ్య కిటికీల పైన అర్ధచంద్రాకారంలో మత్తయి పేర్లన్నీ పలకల మీద రాసి, ఆ పక్కనే కుటుంబాలను వేశాడు. రాజసం ఏమీ లేదు. పిల్లలను ఒళ్లో వేసుకుని అలిసిపోయి కూర్చున్న తల్లులు, కునికిపాట్లు పడే తండ్రులు. చెట్టు బొమ్మలో చోటు దొరకని స్త్రీలు ఇక్కడ గోడంతా ఉన్నారు.

9. మీరే ఒక చెట్టు వేయండి

చూసి నేర్చుకున్నదానికంటే గీసి నేర్చుకున్నది ఎక్కువ నిలుస్తుంది. ఎ3 కాగితం నిలువుగా పెట్టుకోండి. మధ్యలో పెన్సిల్‌తో పల్చగా ఒక నిలువు గీత. కాగితాన్ని అడ్డంగా ఏడు భాగాలు చేసి అడుగు భాగం యెష్షయికి, పై భాగం క్రీస్తుకు, దాని కింది భాగం మరియకు ఇవ్వండి. మిగిలిన నాలుగూ పూర్వికులవి. కాండం నుంచి రెండు కొమ్మలు విడిపోయి, మనిషి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో వంగి, పైన మళ్లీ కలుసుకోవాలి. ఇది కష్టమనిపిస్తే మెలిక ముగ్గు గుర్తు తెచ్చుకోండి, చెయ్యి దానంతటదే తిరుగుతుంది. ఆకులకు పెడన, శ్రీకాళహస్తి కలంకారీ తీగలు చూసి వేస్తే మన చేతి వాటం వస్తుంది. యెష్షయిని చివరికి వదలకండి, ముందు ఆయననే వేయండి. ఆయన నడుము ఎక్కడుందో తేలకపోతే కాండం ఎక్కడ మొదలవ్వాలో తెలియదు.

ఆ నాలుగు చోట్లలో ఒకటి రూతుకు ఇవ్వమని నా మాటగా అడుగుతున్నాను. చేతిలో యవల వెన్ను ఒకటి పెట్టండి.

సండే స్కూల్ పిల్లలతో అయితే బొమ్మకు బదులు నిజమైన ఎండుకొమ్మ తీసుకోండి. ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు వారాల్లో, చాలా దేశాల్లో ఇలా చేస్తారు. బకెట్‌లో ఇసుక పోసి కొమ్మ నిలబెట్టి, డిసెంబరు 1 నుంచి రోజుకొక కథ చెప్పి, అట్టతో చేసిన గుర్తు ఒకటి దారంతో కట్టిస్తారు. అబ్రాహాముకు నక్షత్రాలు, ఇస్సాకుకు పొట్టేలు, యాకోబుకు నిచ్చెన, రాహాబుకు ఎర్ర దారం, రూతుకు వెన్ను, దావీదుకు సితార, సొలొమోనుకు మందిరం. మోషే పలకలు కూడా కడతారు. పిల్లల్లో ఎవరో ఒకరు మోషే యేసుకు తాతయ్యా అని అడుగుతారు. కాదని చెప్పండి. మోషే లేవీ గోత్రం, యేసు యూదా గోత్రం. ఆయనను వంశస్థుడిగా కాక ప్రవక్తగా, కొమ్మకు ఒక పక్కన కట్టించండి.

కొమ్మను ఆకులు రాలిపోయినదే ఏరుకోండి, పచ్చి కొమ్మ విరవొద్దు. మొదటి రోజు ఏ గుర్తూ కట్టకుండా ఆ ఎండుకొమ్మను ఖాళీగానే పిల్లల ముందు పెట్టి, యెషయా వచనం చదివించండి. గుర్తులు మర్నాటి నుంచి కట్టొచ్చు.